చెప్పిన మాటకు సాక్షి

“చెప్పాను సార్.”

“ఎప్పుడు?”

“కలిసి ఉందామని అనుకోక ముందే.”

“ఎక్కడ చెప్పావు?”

లిఫ్టు మెకానిక్ తల వంచుకున్నాడు. పొద్దుటి నుంచీ అంతే. చెప్పానంటాడు. ఎక్కడ అంటే నోరు మెదపడు.

మాస్టారు విసుక్కోలేదు. పోలీసు స్కూల్లో చాలా ఏళ్లు దర్యాప్తు పాఠాలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక, లాయర్లు పిలిస్తే వెళ్లి ఇలాంటి చిక్కుముడులు విప్పుతుంటారు. ఇంటికి వెళ్తే పలకరించే దిక్కు లేదు కాబట్టి ఎవరు పిలిచినా కాదనరు. ఈసారి పిలిచింది పక్కన కూర్చున్న లాయరమ్మ. ఆవిడ కోటు ఇంకా కొత్త వాసన వేస్తోంది.

“మధ్యాహ్నం మళ్లీ మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు,” అందావిడ మెకానిక్‌తో. “అప్పటికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ‘చెప్పాను’ అంటే సరిపోదు. చెప్పావని నువ్వే రుజువు చెయ్యాలి. చట్టం అలా రాశారు.”

కేసు చూడటానికి చిన్నది. కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం, తనకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసీ, ఆ సంగతి దాచి ఎదుటి మనిషితో కాపురం చేస్తే, ఆడైనా మగైనా, ఏడేళ్ల జైలు. అవతలి మనిషికి జబ్బు అంటుకుందా లేదా అని చట్టం అడగదు. చెప్పావా లేదా అనే అడుగుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు నడిచిన మాటకు సాక్షిని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తాం?

కానిస్టేబులు చేతికి తొడుగు వేసుకుని వచ్చాడు. కాగితం గ్లాసులో నీళ్లు తెచ్చి, మెకానిక్‌కు బారెడు దూరంలో నేల మీద పెట్టి, గ్లాసు తననెక్కడ కరుస్తుందో అన్నట్టు వెనక్కి గెంతాడు.

మాస్టారు వంగి ఆ గ్లాసు తీసి మెకానిక్ చేతికిచ్చారు. మెకానిక్ రెండు క్షణాలు ఆయన వేళ్ల వంకే చూశాడు. తర్వాత ఎడం చేత్తో తీసుకుని గటగటా తాగాడు. అతని గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో నల్లటి గ్రీజు. ఎన్ని రోజులు లాకప్‌లో ఉన్నా వదిలే నలుపు కాదది.

“కుడిచేతికి ఏమైంది?”

“లిఫ్టు గుంటలో ఉండగా బరువుదిమ్మ తగిలింది సార్. పాత దెబ్బ. అప్పట్నుంచి భుజం దాటి లేవదు. పైన చేసే పని వేరేవాళ్లు చూసుకుంటారు, నేను కిందే ఉంటాను.”

“ఎడమది?”

“అది బానే ఉంది. కానీ నేనే పొట్టివాణ్ణి కదా,” అని నవ్వబోయి ఆగిపోయాడు. అతణ్ణి మిగతా ఖైదీలతో కలపకుండా ఒక్కణ్ణే ఉంచారు. ఎవరితోనైనా నవ్వి ఎన్నాళ్లయిందో.

“ఆమెను ఎక్కడ కలిశావు? అదైనా చెప్పు.”

“అది అడక్కండి సార్.”

“నీ కోసమే అడుగుతున్నాను.”

“తెలుసు సార్. నా కేసు ఏమైనా పర్లేదు. ఆమె మీద మాత్రం ఒక్క మాట పడకూడదు.” గొంతు తగ్గించాడు. “మీరు ఆమెను చూస్తారా? అన్నం తింటోందో లేదో కనుక్కుంటారా? ఒక్కతే ఉంటే వండుకోదు.”

తన మీద కేసు పెట్టిన మనిషి అన్నం తిందో లేదో అడిగిన ముద్దాయిని మాస్టారు ఇంతవరకూ చూడలేదు.

*

వాళ్లిద్దరూ కాపురమున్న గది మూడో అంతస్తులో ఉంది. తలుపు బార్లా తీసి, కుర్చీలో దర్జాగా కూర్చుని ఎదురు చూస్తున్నాడు ఇన్‌స్పెక్టరు.

“రండి మాస్టారూ. మీరొస్తారని తెలిసి తాళం నేనే తెచ్చాను. పాత శిష్యుణ్ణి, ఆ మాత్రం మర్యాద చెయ్యనా?”

“నా క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాడివి. ఇప్పుడైనా మెలకువగా ఉన్నావా?”

“కేసు మూసేశాను. మీరే నిద్రలో నడుచుకుంటూ వచ్చారు.” ఇన్‌స్పెక్టరు లేచి, వంటగట్టు మీద బాగా ఎత్తున ఉన్న అర చూపించాడు. అర మీద తెల్లటి పిండి డబ్బా. “ఫ్యాను బాగు చేద్దామని ఆమె అన్నయ్య ఇంటి ఓనర్ని అడిగి నిచ్చెన తెచ్చి ఎక్కాడు. అప్పుడు కంట పడింది. లోపల హెచ్.ఐ.వి. మాత్రల సీసాలు. సీసాల మీద చీటీలు చించేసి ఉన్నాయి. తప్పు లేనివాడు అంత పైన దాస్తాడా? మాత్రలు ల్యాబుకి వెళ్లాయి. డబ్బా దొరికిన చోటే మళ్లీ పెట్టించాను, మీలాంటివాళ్లు చూస్తారని.”

“సీసాలన్నావు. ఎన్ని?”

“రెండు. ఒకటి అయిపోతే ఇంకోటి.”

“నిండువా?”

“రెండూ సగం సగం ఉన్నాయి. అయితే?”

“ఏం లేదు.” మాస్టారు ముఖంలో ఏ మార్పూ లేదు. “వేలిముద్రలు తీశావా?”

“ఎవరివో తెలిసిన మాత్రలకి వేలిముద్రలెందుకు?”

మాస్టారు గది అంతా తిరిగారు. ఒకే మంచం, రెండు దిళ్లు. రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి, కడిగి చాలా రోజులైనట్టు వాటి అంచున దుమ్ము. గోడకు రెండు మేకులు. ఒకదానికి మెకానిక్ నీలం చొక్కా, రెండోది ఖాళీ. ఆమె తన బట్టలు సర్దుకుని అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఆ చొక్కాని ఎందుకనో మడిచి పక్కన పెట్టలేదు. మనిషి సాయంత్రం వస్తాడన్నట్టు వదిలేసింది.

ఆయన కూడా ఇంటి దగ్గర రెండో కప్పు ఒకటి చాలాకాలం కడుగుతూ వచ్చారు. ఆ ఆలోచనను పక్కకు నెట్టి పనిలో పడ్డారు.

“ఇలా రా. ఈ స్విచ్చి చూడు.”

స్విచ్చి మీద నల్లటి బొటనవేలి మచ్చ. కొళాయి మీదా అదే. తలుపు గడియ మీద, ఒక కప్పు పిడి మీద, కిటికీ రెక్క మీద. అన్నీ మెకానిక్ ఛాతీ ఎత్తు లోపలే.

“గ్రీజు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “వాడి చేతులంతే.”

“ముట్టుకున్న ప్రతిచోటా సంతకం పెట్టే చేతులు. ఇప్పుడు ఆ డబ్బా చూద్దాం.”

మాస్టారు చెయ్యి చాచారు. మడమలెత్తితే వేళ్ల కొసలు అరకు తగిలాయి. మెల్లగా లాగి, రుమాలుతో పట్టుకుని డబ్బా దించారు. తెల్లటి డబ్బా మీద ఎక్కడా నలుపు చుక్క లేదు. మూత అంచున మాత్రం పొడిపొడిగా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీరి వేళ్ల మధ్య నలిపి చూశారు.

“గంజిపొడి. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది కదూ?”

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి మూత అంచు చూశాడు.

“మెకానిక్ నాకంటే జానెడు పొట్టి. కుడిభుజం పైకి లేవదు. గదిలో ఉన్నది నువ్వు కూర్చున్న ఈ మడత కుర్చీ ఒక్కటే. ఎక్కి నిలబడు, చూద్దాం.”

ఇన్‌స్పెక్టరు కాలు పెట్టాడు. కుర్చీ కిర్రుమని పక్కకు ఒరిగింది. ఠక్కున దిగిపోయాడు.

“ఆ మాత్ర రోజూ వేసుకోవాలి. అతను రోజూ అంతెత్తు ఎలా ఎక్కుతాడయ్యా? ఆమే దించేది. ఆమే అతని చేతిలో మాత్ర పెట్టేది. ఆమే మళ్లీ పైన పెట్టేది. దాచింది అతను కాదు, ఆమె. తనకు తెలియని సంగతిని ఎవరైనా దాస్తారా?” మాస్టారు గొంతులో చాలా రోజుల తర్వాత క్లాసురూము హుషారు వచ్చింది. “చీటీలు చించిందీ ఆమే అయ్యుంటుంది, అన్నయ్య కంట పడకుండా. అతను చెప్పాడు. ఆమెకు తెలుసు.”

ఇన్‌స్పెక్టరు ఒరిగిన కుర్చీని సరిచేసి పెట్టాడు.

“మా చిన్నక్క మీకు గుర్తుందా మాస్టారూ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. “ట్రైనింగులో ఉండగా నాకు ఉత్తరాలు రాసేది. మా బావకి ఉందని పెళ్లికి ముందే తెలుసు. చెప్పలేదు. అక్క చివరి నెలల్లో మంచం పక్కన నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఇంకెవరూ ఆ గదిలోకి రాలేదు. అప్పుడు ఈ చట్టం లేదు. ఉండుంటే మా బావ ఇవాళ్టికీ లోపలే ఉండేవాడు.”

“మీ బావ తప్పు ఇతని మీద వేస్తావా?”

“వెయ్యను. కానీ మీరు చెప్పిందే తీసుకుంటాను. ఆమెకు తెలుసు. సరే. తెలిసిన మనిషి స్టేషన్లో నాకెందుకు అబద్ధం చెప్పింది? ఇంకేం దాచింది? ఎప్పట్నుంచి దాచింది?” టోపీ తీసుకున్నాడు. “వెనక బెంచీ అయినా మీ పాఠాలు కొన్ని చెవిన పడ్డాయి మాస్టారూ. ఎవరైనా దాస్తుంటే, ఎవరి కోసం దాస్తున్నారో ముందు చూడమనేవారు.”

అతను మెట్లు రెండేసి దిగుతున్న చప్పుడు వినిపించింది. ఓడిపోయినవాడు అంత తొందరగా దిగడు. అది మాస్టారుకు అప్పుడు తట్టలేదు. ఆయన బుర్ర నిండా సగం సగం ఉన్న రెండు సీసాలున్నాయి. ఒక్క మనిషి ఒకేసారి రెండు సీసాలు తెరిచి వాడుకోడు.

*

లాండ్రీ వెనక గదిలో ఆవిరి కమ్ముకుని ఉంది. పొడవాటి బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ ఇస్త్రీ చేస్తున్నారు. దూరంగా, గోడ మూలకు తోసిన చిన్న బల్ల దగ్గర ఒక్కతే నిలబడి ఉందామె. మనిషి మాస్టారంత పొడుగు. హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది.

“అక్కడెందుకమ్మా?” అన్నారు మాస్టారు.

“నా ఇస్త్రీపెట్టె వేరు సార్ ఇప్పుడు. కేసు సంగతి తెలిసినప్పట్నుంచీ.” ఆయన వంక చూడలేదు. “మీరు పోలీసా?”

“కాదు. అతని తరఫు మనిషిని. నువ్వు అన్నం తింటున్నావో లేదో కనుక్కోమన్నాడు.”

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. దుప్పటి కాలుతున్న వాసన రాగానే చటుక్కున పైకెత్తింది.

“ఏమంటున్నాడు?”

“నీకు చెప్పానంటాడు. ఎక్కడ చెప్పాడో అనడు. ఎక్కడ కలిశారో అసలే అనడు. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?”

ఆమె దుప్పటిని రెండో వైపుకు తిరగేసింది.

“డబ్బాలో రెండు సీసాలున్నాయి. రెండూ వాడుతున్నవే. ఒకటి అతనిది. రెండోది నీది.”

బల్ల అవతల ఎవరో గట్టిగా నవ్వారు. ఈమె గురించి కాదు. అయినా ఆమె భుజాలు ముడుచుకుంది.

“మందుల కిటికీ దగ్గర సార్,” అంది. “ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ ఉంటుంది కదా. నెలకోసారి అక్కడ వరుసలో నిలబడాలి. ఎవరూ ఎవరి ముఖం చూడరు. అందరూ నేల చూపులే. ఒకసారి నా సంచి జారి పడితే అతను తీసిచ్చాడు. కుడిచేత్తో బరువు ఎత్తలేడు కదా, మోకాలి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు, నేనే వంగి తీసుకోవాల్సొచ్చింది. తర్వాత నెలలో మళ్లీ కనబడ్డాడు. ఆ పై నెల ఇద్దరం ఒకే బస్సెక్కాం.”

“అప్పుడు చెప్పాడా?”

“ఒకే కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లం, ఇంకా చెప్పేదేముంది అన్నాను. కాదు, నోటితో చెప్పాలి, చెప్పకపోతే మోసం అన్నాడు. బస్సులో అందరి మధ్య నా చెవిలో చెప్పాడు. నేనూ అతని చెవిలో చెప్పాను. చెప్పుకుని ఇద్దరం నవ్వుకున్నాం సార్. ఆస్పత్రి నుంచి వస్తూ నేను నవ్విన రోజు అదొక్కటే.”

“నీకు ఎవరి వల్ల వచ్చింది?”

“పోయిన నా మొగుడి వల్ల. ఆయన పరీక్ష చేయించుకోలేదు. ఎంత మొత్తుకున్నా వినలేదు. తెలియకుండానే పోయాడు. తెలియదు కాబట్టి చట్టం ప్రకారం ఆయన తప్పేం లేదు.” దుప్పటి అంచు సరిచేసింది. “మేమిద్దరం పరీక్ష చేయించుకున్నాం. రోజూ మాత్రలు వేసుకుంటున్నాం. రక్తంలో కనపడనంత తగ్గిపోయింది, ఇంక మీ నుంచి ఎవరికీ అంటదు అని డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. మాకేమో కేసు.”

“మరి స్టేషన్లో ఎందుకలా చెప్పావు?”

“అన్నయ్య డబ్బా దించి, ఇవెవరివి అన్నాడు. నా సంగతి అన్నయ్యకి తెలియదు. వదినకి తెలిస్తే పిల్లల్ని నా దగ్గరికి రానివ్వదు. భయమేసి, అతనివి అన్నాను. ఆ ఒక్క ముక్కే అన్నాను సార్. అన్నయ్య నన్ను స్టేషనుకు లాక్కెళ్లి సంతకం పెట్టించాడు. తర్వాత నాకు రక్తపరీక్ష చేయించారు. ఆ ఇన్‌స్పెక్టరు నా ఎదురుగా కూర్చుని, ‘నీక్కూడా అంటించాడమ్మా’ అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఏడిస్తే అవునన్నట్టే రాసుకున్నారు.”

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకపోతే ఆమె సులువుగా కోర్టుకు వచ్చేస్తుంది. చెప్పకుండా తీసుకెళ్లడం మాస్టారుకు చేతకాదు.

“నీ మాట అతన్ని బయటికి తెస్తుంది. కానీ నీకు ముందు నుంచే ఉందని నీ నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు ‘అతనికి నువ్వు చెప్పావా’ అని అడుగుతారు. మీ ఇద్దరికీ ఒకరికొకరు తప్ప సాక్షి లేదు.”

“అన్నయ్యకీ తెలిసిపోతుంది.”

“తెలుస్తుంది.”

ఆమె చేతిలోని దుప్పటిని నాలుగు మడతలు వేసి, అంచులు కలిశాయో లేదో చూసి, దొంతర మీద పెట్టింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పింది.

“అతను లేని గదిలో ఎవరితో మాట్లాడాలో తెలీక వచ్చేశాను సార్. అన్నయ్య ఇంట్లో అందరూ ఉన్నారు, అక్కడా మాట్లాడటానికి ఎవరూ లేరు. పదండి.”

*

కోర్టు వరండాలో లాయరమ్మ వాళ్లకు ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. కోటు ఒక భుజం నుంచి జారిపోతోంది.

“మాస్టారు గారూ, అయిపోయింది. ఒప్పేసుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?”

“ఇప్పుడే మేజిస్ట్రేటు ముందు. ‘నేను చెప్పలేదు. ఆమెకు ఏమీ తెలియదు. మాత్రలన్నీ నావే. డబ్బా పైన పెట్టింది నేనే’ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అయిపోయింది. నా వైపు చూడనైనా చూడలేదు.”

మాస్టారుకు మెట్లు రెండేసి దిగిన బూట్ల చప్పుడు ఇప్పుడు అర్థమైంది. గదిలో ఉత్సాహం ఆపుకోలేక తాను ఒక్కొక్కటే విప్పి చెప్పిన ప్రతి ముక్కనూ శిష్యుడు జాగ్రత్తగా ఏరుకుని లాకప్‌కు తీసుకెళ్లాడు.

వరండా చివర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు ఇన్‌స్పెక్టరు. మాస్టారు నేరుగా అతని దగ్గరికి నడిచారు.

“ఏం చెప్పి బెదిరించావు?”

“బెదిరించలేదు. ఉన్నదే చెప్పాను. ‘ఆమెకు తెలుసని మాస్టారు తేల్చారు. ఆమెకెప్పట్నుంచి ఉందో ఆస్పత్రిలో అడుగుతాను. నిన్ను కలవక ముందు నుంచే ఉంటే ఆమె రెండో ముద్దాయి. ముద్దాయికి ముద్దాయి సాక్ష్యం చెల్లదు, ఇద్దరికీ చెరో ఏడేళ్లు’ అన్నాను. వాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు మాస్టారూ. ‘ఆమెను వదిలేయండి, నేను చెప్పలేదని రాసుకోండి’ అన్నాడు.”

“అది అబద్ధమని నీకు తెలుసు.”

ఇన్‌స్పెక్టరు కళ్లు తిప్పుకున్నాడు. “కోర్టులో చెప్పింది నేను కాదు, అతను.”

“మీ అక్క పక్కన కూర్చున్నవాడివి. ఆ మనిషి పక్కన ఎవరున్నారో చూశావా? నీళ్ల గ్లాసు నేల మీద పెడుతున్నారు నీ వాళ్లు.”

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయాడు. అప్పటికే ఆమె వాళ్లను దాటి కోర్టు హాలు తలుపు వైపు నడుస్తోంది. అతను గబగబా వెళ్లి అడ్డు నిలిచాడు. గొంతులో కరుకుదనం లేదు.

“అమ్మా, నా మాట విను. అతను నిన్ను ఒడ్డున పడేశాడు. ఇంటికి వెళ్లు. నేను ఆస్పత్రికి వెళ్లను, ఎవరినీ ఏమీ అడగను. నువ్వు ఆ గడప దాటి నోరు తెరిస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఇద్దరూ లోపలికి పోతారు.”

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి మాస్టారు వైపు చూసింది. ఏదైనా దారి చెబుతారేమో అన్నట్టు చూసింది. ఇన్నేళ్లలో ఎన్నో కేసులు విప్పిన మనిషి. ఇప్పుడు రెండడుగులు వేసి ఆమె పక్కన నిలబడటం తప్ప ఏం చెయ్యలేకపోయారు.

“మీరు నాతో లోపలికి వస్తారా సార్?”

“నన్ను రానివ్వరమ్మా. ఈ కేసు విచారణ తలుపులు మూసి చేస్తారు. లాయరమ్మ వస్తుంది.”

“సరే.” జుట్టు వెనక్కి తోసుకుంది. “నేనొస్తే అతను ఏమంటాడో?”

“కోప్పడతాడు.”

“పడనీండి. కోప్పడటానికైనా ఎదురుగా మనిషుండాలి కదా.”

ఇన్‌స్పెక్టరు పక్కకు తప్పుకోలేదు. ఆమె అతన్ని ముట్టుకోకుండా, ఎవరూ తనను ముట్టుకోనక్కర్లేకుండా, ఒళ్లు ముడుచుకుని పక్క నుంచి దూరి వెళ్లింది. లాయరమ్మ వెనకే పరుగెత్తింది.

బంట్రోతు తలుపు రెక్క పట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ కేసులో రావలసిన ఆడమనిషి ఒక్కతే కాబట్టి పోల్చుకున్నాడు.

“ఫిర్యాది మీరేనా?” అన్నాడు. “ఇటు, కుర్చీలో కూర్చోండి.”

లోపల, బోనులోంచి, “వద్దు! ఆమెను రానివ్వకండి!” అని మెకానిక్ అరిచిన అరుపు వరండా దాకా వినిపించింది.

“ఫిర్యాదిని కాదు బాబూ,” అంది ఆమె. “నేను రెండో ముద్దాయిని. అతను నిలబడ్డ చోటికి దారెటు?”

బంట్రోతు బోను వైపు చెయ్యి చూపించాడు. తర్వాత తలుపు మూసుకుంది.